ఎడమ చేతి చాకిరీ

నేను ఒక బేస్‌బాల్ గ్లవ్‌ను. జలంధర్‌లో ఓ ఇరుకు కార్ఖానాలో పుట్టాను. నన్ను కుట్టినాయన ఆ ఆటను ఎన్నడూ చూసి ఎరగడు. ఏదో కాలేజీ కుర్రాళ్లు నన్ను తోలు పగిలేదాకా వాడుకుని, ఆర్మూరు దగ్గర ఒక బడికి దానమిచ్చారు. మనుషులు పనికిరాని వస్తువును పారేయరు, దానమిస్తారు. అలా రెండోసారి బతుకు మొదలుపెట్టాను, అప్పటికే అలిసిపోయి.

ఆ బడిలో వ్యాయామం సారు భూమన్న. ఆయనా నాలాగే అరిగిపోయిన మనిషి. రోజూ సాయంత్రం అమ్మాయిల్ని వరుసలో నిలబెట్టి అదే పాఠం అప్పజెప్పేవాడు. విసిరేటప్పుడు పక్కకు తిరగాలి, మోచెయ్యి భుజమంత ఎత్తుకు లేపాలి, ఎడమ కాలు ముందుకు వెయ్యాలి. విసరడం వాళ్లకు తొందరగానే వచ్చింది. మామిడికాయలు రాలగొట్టిన చేతులు కదా! పట్టడం దగ్గరే వచ్చింది చిక్కు. నన్ను తొడిగేది ఎడమ చేతికి, బంతిని పట్టాల్సింది ఆ చేత్తోనే. సారు వేసిన బంతి దగ్గరికి రాగానే ప్రతి పిల్లా నన్ను వెనక్కి దాచి, ఉత్త కుడి చెయ్యి చాపేది. వాళ్లలో రవళి మరీను.

ఒకరోజు ఆమె చూపుడు వేలు బూరెలా వాచింది. మరునాడు వాళ్లమ్మ గంగామణి నేరుగా గ్రౌండుకే వచ్చేసింది. ఆమె బీడీలు చుడుతుంది. బడి అయ్యాక కూతురూ పక్కన కూర్చుని చుడుతుంది.

"వేలు ఇర్గితె బీడీలు ఎట్ల చుట్టాలె సారూ? ఇంకొక్కపారి దెబ్బ తాకితె ఆట బందు."

రవళి నన్ను గట్టిగా పట్టుకుంది. ఆ పిల్లకు ఈ ఆటంటే ఎంత ప్రాణమో నాకు తెలుసు. నాకు జాలేసింది.

భూమన్న రవళి వైపు తిరిగాడు. "ఎన్నిసార్లు చెప్పాలె బిడ్డా? గ్లవ్ ఎందుకు దాస్తున్నవ్?"

"మీరు ఇస్తుంటె ఎడమ చేతితోని ఎట్ల తీస్కోవాలె సార్?"

 ఇన్నాళ్లూ సారు భయమనుకున్నది మర్యాద. అది నేర్పిన గంగామణి నేల చూపులు చూసింది.

"గట్లయితె రెండు చేతులు పట్టు," అన్నాడాయన. "పెద్దోళ్లిస్తె దోసిలి పడ్తం గద? గట్లనే. ఎడమది ముందు, కుడిది పక్కన."

ఈసారి రవళి రెండు చేతులూ చాపింది. బంతి నా గుండెల్లో దబ్బున పడింది. ఆమె కుడి చెయ్యి వచ్చి మీద మూసుకుంది. ఆ తర్వాత ఆమె వేలు మళ్లీ వాచలేదు.

కొన్నాళ్లకు రవళిని జిల్లా జట్టులోకి తీసుకున్నారు. జట్టుకు కొత్త గ్లవ్‌లు వచ్చాయి. నన్ను సామాన్ల గదిలో చిరిగిన వలల మీద పడేశారు. నిజం చెబుతున్నాను, హాయిగా అనిపించింది.

ఆ హాయి నిలవలేదు. రవళి సారును అడిగి నన్ను ఇంటికి తీసుకుపోయింది. ఇంటి దగ్గర ఆమెకు ఎదురు నిలబడి బంతి పట్టేవాళ్లు కావాలట. గంగామణి ఒళ్లోని బీడీల చాట కింద పెట్టి, కొంగు దోపుకుని, నన్ను తొడుక్కుంది. తంబాకు వాసన వేసే ఆ వేళ్లు నా లోపల సర్దుకున్నాయి. వాటికి దెబ్బ తగిలితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. నా కుట్లు చూస్తే ఊడిపోతున్నాయి. నీకు ఓపికుందా అని నన్నెవరూ అడగలేదు.

తల్లి చేతుల్ని చూసి రవళి బంతిని మెల్లగా వేసింది. గంగామణి పట్టుకుంది. తిరిగి విసిరేసి కసురుకుంది.

"గింత మెల్లగేస్తె నువ్వేం నేర్సుకుంటవే? గట్టిగెయ్యి."