డ్రమ్ముకు దిష్టి

నేను ఒక ఇనుప డ్రమ్మును. మంగాయమ్మ గారి పశువుల పాక వెనుక, గోబర్ గ్యాస్ తొట్టిలో, పేడనీళ్ల మీద బోర్లా కూర్చుని ఉంటాను. అడుగున గ్యాస్ పుడితే పైకి లేస్తాను. ఇంట్లో వంట అయితే కిందికి దిగుతాను. ఇంతకు మించి నాకు ఉద్యోగం లేదు.

వేసవిలో పేడ చాలలేదు. మంగాయమ్మ కొడుకు పోలయ్య ఆలోచనాపరుడు. "గేదె గడ్డి తినే కదా పేడ వేసేది. మధ్యలో గేదె దేనికి?" అని పచ్చగడ్డిని తరగకుండా మోపులకు మోపులు తొట్టిలో దింపాడు. అది పైకి తేలి చాపలా అల్లుకుంది. గ్యాస్ దాని కిందే ఉండిపోయింది. నేను లేవలేదు.

కోడలు వరహాలు మళ్లీ కట్టెల పొయ్యి దగ్గర కూర్చుంది. ఆమెకు ఆయాసం. పొగ తగిలితే దగ్గి దగ్గి గోడ పట్టుకునేది.

మంగాయమ్మ నా మీద చెవి ఆనించి వింది. "అజీర్తిరా. వాము నీళ్లు పట్టించండి."

పట్టించారు. నాకు పొట్ట లేదని చెప్పడానికి నోరు కూడా లేదు.

పోలయ్య విసిగిపోయి, పాత ఇనుము కొనే అప్పన్నను పిలిచాడు. అప్పన్న నన్ను వేళ్లతో తట్టి, "రేకు మంచిదే. రేపొచ్చి పట్టుకెళ్తా," అన్నాడు.

వరహాలు తడి కట్టెలు ఎండలో పరిచింది.

"పక్కింటిది దీన్ని చూసి ఎంతెత్తు లేచిందో అంది. ముందు దిష్టి తియ్యనివ్వండి," అంది మంగాయమ్మ, గుప్పిట్లో ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని.

"చుట్టూ తిరగడానికి దారేదండీ అత్తయ్యా? ఆ పక్క గోడ," అంది వరహాలు.

"అయితే నేనిక్కడే నుంచుంటా. దాన్నే తిప్పండి."

మొగుడూ పెళ్లాలూ చెరో పక్క పట్టుకుని నన్ను గిర్రున తిప్పారు. నా లోపలి అడ్డకమ్ములు గడ్డి చాపను చీల్చేశాయి. గుడగుడమంటూ బుడగలు వచ్చాయి. నేను మెల్లగా లేచాను.

"చూశావురా, ఎంత కన్ను పడిందో," అంది మంగాయమ్మ.

అప్పటినుంచి రోజూ నాకు దిష్టి తీస్తున్నారు. పోలయ్య గడ్డి తరిగి వేస్తున్నాడు, దిష్టి తగలని సైజులో.

తిప్పిన మర్నాడే తాళ్లతో వచ్చి, సంగతంతా విన్న అప్పన్నకు వరహాలు గ్యాస్ పొయ్యి మీద టీ పెట్టి ఇచ్చింది. అతను గ్లాసు దించి గొంతు తగ్గించాడు.

"పెద్దమ్మగారూ, మా గేదె పాలివ్వట్లేదండి. దాన్నీ ఇలాగే తిప్పమంటారా?"

మంగాయమ్మ కొంగు నడుముకు దోపుకుంది.

"బరువేపాటి ఉంటది?"

వరహాలు పొయ్యి దగ్గరే కూర్చుని పగలబడి నవ్వింది. ఎంత నవ్వినా దగ్గు రాలేదు.