అందరికీ సరిపోయే ఆదివారం

మా ఇంట్లో ఒక రూలుంది. పెట్టింది నేనే. నెలలో ఆఖరి ఆదివారం ఇంటిల్లిపాదీ బయటికెళ్ళాలి, వెళ్తే ముగ్గురు పిల్లలూ కలిసే వెళ్ళాలి. ఒకరు ఇటు, ఇద్దరు అటు అనే మాట నా దగ్గర చెల్లదు. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. ఎవరి లిఫ్టు ఏ అంతస్తులో ఇరుక్కున్నా ఫోను ఆయనకే వస్తుంది. ఆ ఒక్క ఆదివారం మాత్రం ఫోను తెచ్చి నా చేతిలో పెట్టేస్తారు. పెట్టకపోతే నేను ఊరుకోనని ఆయనకు బాగా తెలుసు.

ఎక్కడికి వెళ్ళాలన్నదే తంటా. నా కుట్టుమిషను పక్క గోడకు ఒక కాగితం అతికించాను. వెళ్ళదగ్గ చోట్లన్నీ దాని మీద రాసి, ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాను. సినిమా హాలు కొట్టేశాను, లైట్లు తీసేయగానే పెద్దాడు చెవులు మూసుకుని అరుస్తాడు. చేపల్ని చూపించే చోటు కొట్టేశాను, అద్దాల్ని అరచేతులతో బాదుతాడు. తాళ్ళు పట్టుకుని గోడలెక్కే చోటంటే రెండోది ఎగిరి గంతేస్తుంది, కానీ అక్కడ ఎనిమిదేళ్ళు నిండాలి, బుడ్డదాన్ని గేటు దాటనివ్వరు. బుడ్డదానికి ఇష్టమైన రంగుబంతుల గదిలో పడి దొర్లాలని పెద్దాడికీ ఉంటుంది. వాడు దొర్లితే మిగతా పిల్లలు పచ్చడైపోతారు.

స్కూలు యూనిఫారాల కొలతలివ్వడానికి వచ్చే తల్లులు ఆ కాగితం చూసి నాకు సలహాలు చెబుతారు. "పిల్లల వయసును బట్టి ప్లాన్ చేసుకోవాలండీ," అంది ఒకావిడ, మహా తెలిసినట్టు. ఆవిడకున్నది ఒక్కడే కొడుకు. నాకు ఒళ్ళు మండి వాడి నడుం కొలత రెండుసార్లు తప్పు రాసుకున్నాను.

వయసును బట్టేనట! మా పెద్దాడికి ఏ వయసు వేసుకోమంటారు? పుట్టి పదిహేనేళ్ళయింది. మనిషి వాళ్ళ నాన్న చెవి దాకా వచ్చాడు. లోపల మాత్రం నాలుగేళ్ళు. బుద్ధి ఇంచుమించు అక్కడే ఆగిపోతుందని వాడికి ఆరేళ్ళప్పుడే డాక్టరు చెప్పాడు. "పోనీలెండి, నాలుగేళ్ళ పిల్లలు ముద్దుగానే ఉంటారు కదా," అన్నాను నేను. ఆయన ఏదో అనబోయి ఊరుకున్నాడు. ఏమనబోయాడో ఇప్పుడు నాకు తెలుసు.

రెండోదానికి పదకొండు. దానికి నాలుగేళ్ళున్నప్పుడు వాళ్ళిద్దరూ ఒకే బొమ్మ కోసం జుట్లు పట్టుకునేవాళ్ళు. ఆ గొడవ చూస్తుంటే నాకెంత సంతోషంగా ఉండేదో! ఆ ఏడాది తిరగగానే అది వాడిని దాటిపోయింది. బుడ్డదానికి ఐదు నిండి నాలుగు నెలలైంది. పోయినేడు అదీ దాటింది. ఇప్పుడు వాడు నీళ్ళు ఒలకబోస్తే నడుం మీద చేతులు పెట్టుకుని మందలిస్తుంది.

దాటితే దాటారు, వదిలేయకూడదు. అదే నా భయం. మా మేనత్తకు ఇలాంటి కొడుకే ఉండేవాడు. ముందు వాడిని షికార్లకు తీసుకెళ్ళడం మానేశారు. తర్వాత చుట్టాలిళ్ళకు మానేశారు. ఆ తర్వాత వాడి ఊసెత్తడమే మానేశారు. వాడు పోయిన సంగతి మాకు ఆరు నెలలకు తెలిసింది, అదీ వేరే ఏదో మాటల్లో. ఒక్క ఆదివారం వదిలి వెళ్ళామంటే మా వాడికీ అదే మొదలవుతుంది. అందుకే ఆ రూలు.

చివరికి కాగితం మీద కొట్టేయకుండా మిగిలింది ఒక్కటే. బస్సులో ముప్పావు గంట దూరంలో ఒక పెద్ద పార్కు. అక్కడ బొమ్మ రైలుంది. నాలుగు పెట్టెలు, ముందు ఎర్ర ఇంజను, పూలమళ్ళ చుట్టూ రెండు చుట్లు. పెద్దాడికీ బుడ్డదానికీ ఆ రైలు, రెండోదానికి పక్కనే సైకిళ్ళ దారి, మా ఇద్దరికీ మధ్యలో బెంచీ. ఆ బెంచీ మీంచి చూస్తే ముగ్గురూ కనిపిస్తారు. మూడేళ్ళుగా నెలనెలా అక్కడికే.

రైలు పన్నెండేళ్ళ లోపు వాళ్ళకేనని బోర్డుంది. రైలు నడిపే తాతగారు మా వాడిని చూసీ చూడనట్టు వదిలేసేవాడు. కానీ ఒక మనిషి దయ మీద ఎన్నాళ్ళని బతుకుతాం? నేను కుట్టుపని తెలిసినదాన్ని. లావువాళ్ళను సన్నగా, పొట్టివాళ్ళను పొడుగ్గా కనిపించేట్టు కుడతానని నాకు పేరు. పెద్దవాణ్ణి చిన్నవాడిగా కుట్టలేనా? ఎలాస్టిక్ నడుముతో మోకాళ్ళ పైకి నిక్కరు, పసుపుపచ్చ చొక్కా, బిళ్ళల్లాంటి గుండీలు, జేబు మీద బాతుబొమ్మ. బాతు ముక్కుకు నారింజ దారంతో రెండు వరసలు వేశాను. నూనూగు మీసాలు కనిపిస్తే బయల్దేరే ముందు నేనే గీసేసేదాన్ని. పొడుగు సాగిన పసివాడు, అంతే, అని చూసినవాళ్ళు అనుకోవాలి.

"అన్నయ్యకి ప్యాంటు కుట్టమ్మా," అంది రెండోది పోయిన నెల.

"నిక్కరుకేమొచ్చింది?"

"వాడి కాళ్ళు చూశావా? అన్నీ వెంట్రుకలు."

"నీకెందుకే అవన్నీ? పోయి హోంవర్క్ చేసుకో."

అది ఇంకా ఏదో చెప్పబోయింది. నా మొహం చూసి నోరు మూసుకుంది. చెప్పనివ్వాల్సింది.

ఆ నెల ఆఖరి ఆదివారం రైలు దగ్గరికి చేరేదాకా అంతా నా ప్లాను ప్రకారమే నడిచింది. తొమ్మిదిన్నరకు బస్సు, పెద్దాడికి కిటికీ పక్క సీటు, బుట్టలో రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, అరటిపళ్ళు, వాడికి అదనంగా ఒక జత బట్టలు. రెండోది మాత్రం మా వెనక మూడు సీట్లు వదిలి కూర్చుంది. ఎందుకే అంటే అక్కడ గాలి బాగా వస్తోందంది. నమ్మాను.

పార్కులో తాతగారు లేడు. రిటైరయ్యాడట. ఆయన చోట టోపీ పెట్టుకుని ఇరవై ఏళ్ళ అమ్మాయి నిలబడి ఉంది.  అప్పటికే మా వాడు వెళ్ళి ఆఖరి పెట్టెలో కూర్చున్నాడు, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. వాడి ముందు పెట్టెలో బుడ్డది, తన ఈడు పిల్ల పక్కన.

ఆ అమ్మాయి వాడి దగ్గరికి వెళ్ళి మర్యాదగానే చెప్పింది. "సార్, మీరు దిగాలండీ."

మా వాడిని సార్ అన్నవాళ్ళు అంతకు ముందు ఎవరూ లేరు. వాడికి నవ్వొచ్చింది. "సార్! సార్!" అంటూ చప్పట్లు కొట్టాడు.

నేను పరిగెత్తాను. "అమ్మా, వాడు చిన్నపిల్లాడేనమ్మా. చూడ్డానికే అలా ఉంటాడు. మూడేళ్ళుగా ఎక్కుతున్నాడు, కావాలంటే తాతగారిని అడుగు."

ఆ అమ్మాయి నన్ను పక్కకు తీసుకెళ్ళింది. మంచి పిల్లే, గొంతు కూడా పెంచలేదు. "పోయిన నెల ముగ్గురు రాసిచ్చారండీ," అంటూ టికెట్ల గదిలోంచి ఫిర్యాదుల పుస్తకం తెచ్చి చూపించింది. మూడు చేతిరాతలు. చిన్నపిల్లల బట్టలు వేసుకున్న మగమనిషి ఒకడు పిల్లల రైల్లో కూర్చుంటున్నాడని మొదటివాళ్ళు. పిల్లల్ని మచ్చిక చేసుకోవడానికే ఆ వేషం వేసినట్టుందని రెండోవాళ్ళు. మూడోవాళ్ళు బాతుబొమ్మ సంగతి కూడా రాశారు, మనిషిని గుర్తుపట్టడానికి వీలుగా ఉంటుందని.

 మామూలు ప్యాంటూ చొక్కా వేసి ఉంటే, పాపం ఎవరో బుద్ధి ఎదగని కుర్రాడు అనుకుని జాలిపడి వదిలేసేవాళ్ళు. కళ్ళు లాగుతున్నా లెక్కచేయకుండా కూర్చుని, నా కొడుకును చూసి జనం హడలిపోయేలా నేనే కుట్టిపెట్టాను.

"వాడు ఎవరినీ ఏమీ చేయడమ్మా," అన్నాను.

"నాకర్థమవుతుందండీ. కానీ నా చేతుల్లో లేదు."

ఇంతలో బుడ్డదాని పక్కనున్న పిల్ల తల్లి కంచె అవతలి నుంచి అడిగింది. "పాపా, వెనకాల ఉన్నతను మీవాళ్ళేనా?"

బుడ్డది వెనక్కి తిరిగి వాడిని చూసింది. వాడు దానికి చెయ్యూపాడు. తర్వాత నన్ను చూసింది.

"కాదు," అంది.

ఐదేళ్ళ పిల్ల. దానికి రైలెక్కాలని ఉంది. అవునంటే తననీ దింపేస్తారని భయపడింది, అంతే. అప్పటి నుంచి ఈ మాట నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో.

మా ఆయన వచ్చి వాడిని దింపారు. రైలు కదిలింది. అది తనను వదిలి వెళ్ళిపోతోందని అర్థమయ్యాక వాడు కంచె పట్టుకుని ఏడ్చాడు. ఈమధ్యే వాడి గొంతు మారింది. ఏడుపు పసివాడిదే, గొంతు మాత్రం మగాడిది. పార్కులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఇద్దరు తల్లులు పిల్లల్ని చంకనెత్తుకుని దూరంగా జరిగారు. రెండోది సైకిలు పడేసి వచ్చి, వాడి చెయ్యి పట్టుకుని కొళాయి దగ్గరికి తీసుకెళ్ళి మొహం కడిగింది.

నేను దగ్గరికి వెళ్తే తలెత్తకుండానే అంది. "మా క్లాసువాళ్ళు ఇద్దరు పోయిన నెల ఇక్కడే మనల్ని చూశారమ్మా. స్కూలంతా చెప్పారు."

"మరి నాతో చెప్పలేదేమే?"

"నువ్వు చెప్పనిస్తావా?"

నేను కొంగుతో వాడి మొహం తుడిచాను.

ఇంటికొచ్చి ప్యాంట్లు కుట్టాను. రెండు, బూడిదరంగువి, పాదాల దాకా. వేసుకుంటే వాడు అచ్చం వాళ్ళ నాన్నలా ఉన్నాడు. ఇప్పుడు కుట్టి ఏం లాభం? పిల్లలు వెళ్ళే చోటికి వాడిని రానివ్వరు, పెద్దవాళ్ళు వెళ్ళే చోట వాడు ఉండలేడు. కాగితం మీద మిగిలిన ఆ ఒక్క పేరూ కొట్టేశాను.

మళ్ళీ నెలాఖరు దగ్గర పడుతుండగా మా ఆయన భోజనం దగ్గర నసుగుతూ కదిపారు. "ఈసారి ఆడపిల్లలిద్దరినీ నేను తీసుకెళ్తాను. నువ్వు వాడితో ఇంట్లో ఉండు. పైనెల నేనుంటాను."

ఇంతెత్తున లేచాను. "వాణ్ణి వదిలేసి షికార్లా? ఏ మొహం పెట్టుకుని వెళ్తారు?"

ఆయన కంచంలోకి చూస్తూనే అన్నారు. "వాడెప్పటికీ చిన్నపిల్లాడే. ఆ ఇద్దరూ అలా ఉండరు కదా. వాళ్ళ చిన్నతనం అయిపోతోంది."

ఎప్పుడూ నీళ్ళు నమిలే మనిషి, అంత స్పష్టంగా అనేశారు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు బుట్ట సర్ది ఇచ్చాను.

ఆ ఆదివారం పొద్దున వాడిని నేనే వంటింట్లోకి పిలిచి మాటల్లో పెట్టాను. వాళ్ళు ముగ్గురూ ముందు గదిలోంచి దొంగల్లా జారుకున్నారు. గుండీల డబ్బా బోర్లించి, ఏ రంగువి ఆ రంగు ఏరమని వాడికిచ్చాను. ఏరుతూ ఏరుతూ తలెత్తి "రైలు?" అని అడిగాడు.

"రైలు పాడైంది."

"నాన్న బాగుచేస్తాడు," అన్నాడు ధీమాగా, మళ్ళీ గుండీల్లో పడిపోయాడు. సాయంత్రం దాకా పదిసార్లు అడిగాడు, పదిసార్లూ అదే అన్నాడు.

ఐదున్నరకు మెట్ల మీద నవ్వులు వినిపించాయి. రెండోది అలా పగలబడి నవ్వగా విని రెండేళ్ళయింది. తలుపు తీశాను. నన్ను చూడగానే నవ్వు దిగమింగింది.  బుడ్డది మాత్రం ఒక్క దూకున నా మీదికొచ్చింది.

"అమ్మా, సినిమా చూశాం! మొత్తం చూశాం! తర్వాత ఇంత పెద్ద జారుడుబల్ల! అక్క కూడా ఎక్కింది! ఈసారి అసలు ఎవ్వరూ ఏడవలేదమ్మా!"

"అవునా తల్లీ."

"మనవైపు ఎవ్వరూ చూడలేదు కూడా."

మా ఆయన తల వంచుకుని జోళ్ళు విప్పుకుంటున్నారు. ఆయన మొహం కూడా తేటగా ఉంది. మూడేళ్ళు నేను కాగితాలు రాసి, టైములు వేసి, బట్టలు కుట్టి, తల ప్రాణం తోకకు తెచ్చుకుని కూడా ఇవ్వలేకపోయిన ఆదివారం వీళ్ళకు ఇవాళ దొరికింది. వాడు లేకపోతే చాలు, అదొక్కటే కావాల్సింది. ఆ మాట తోచినందుకు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది. కానీ అది నిజం.

"వచ్చే నెల కూడా ఇలాగే వెళ్దామా అమ్మా?" అంది బుడ్డది.

అందరూ నా వైపే చూశారు.

"అలాగే, వెళ్ళండి," అన్నాను.

ఆ మాట వినగానే పెద్దాడు గుండీలు వదిలేసి లేచాడు. గబగబా వెళ్ళి తలుపు గడియ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, మొహమంతా నవ్వు. బుడ్డది వాడి దగ్గరికెళ్ళి, చిన్నపిల్లలకు చెప్పినట్టు మెల్లగా, ప్రేమగా చెప్పింది.

"నువ్వు కాదు అన్నయ్యా. నువ్వు ఇంట్లోనే ఉండాలి."

నేను దాన్ని కోప్పడతానని వాడు నా వైపు చూశాడు. ఎప్పుడూ కోప్పడేదాన్ని కదా. నేను వెళ్ళి గడియ మీంచి వాడి చెయ్యి తీసి, తలుపు వేసేశాను.