బయటి బండ, పన్నెండు బారలు

అతన్ని అందరూ బుడుంగు అనేవారు. పడవ అంచు మీంచి వెనక్కి వాలితే ఆ ఒక్క చప్పుడే వినిపించేది. తర్వాత చాలాసేపు నీటి మీద మనిషి జాడ ఉండేది కాదు. సముద్రం అడుగున రాళ్ళకు అతుక్కుని బతికే స్పాంజిలాంటి జీవుల్ని గీకి తెచ్చి, ఒడ్డునున్న పరిశోధనశాలలో ఇవ్వడం అతని పని. మాట పొదుపు మనిషి. "నీళ్ళలో నోరు మూసుకునే అలవాటు, గట్టెక్కినా వదల్లేదు" అనేది పెళ్ళాం.

పరిశోధనశాలలో డాక్టరమ్మ పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ప్రతి సంచిలోనూ ఒక చీటీ ఉండాలి. ఎక్కడ గీకాడో, ఎన్ని బారల లోతులో, ఏ రోజో అందులో రాయాలి. పెన్సిలుతో అతను ఏది రాస్తే అదే అక్కడ ఖాయం. అంత లోతుకు దిగి సరిచూసేవాళ్ళు మరొకరు లేరు.

పద్నాలుగు నెలల కిందట ఒక రోజు అతని చెవిలో పోటు మొదలైంది. ఆ చెవితో సముద్రంలో బయటి బండ దగ్గర పన్నెండు బారలు దిగితే తల పగిలిపోతుంది. రానని చెప్పి ఇంట్లో పడుకుంటే సరిపోయేది. కానీ డాక్టరమ్మ మధ్యాహ్నానికల్లా పసుపు స్పాంజి కావాలంది. అతను తన పడవ కట్టే పాత రేవు గుంజలకు అదే పసుపు స్పాంజి అరచేతి మందాన పట్టి ఉంది. నడుంలోతు నీళ్ళలో నిలబడి గుప్పెడు గీకాడు. చీటీ మీద మాత్రం "బయటి బండ, పన్నెండు బారలు" అని రాశాడు. స్పాంజి స్పాంజే కదా అనుకున్నాడు.

మూడు వారాల తర్వాత డాక్టరమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో పరుగులాంటి నడకతో అతని పడవ దగ్గరికి వచ్చింది.

"బుడుంగూ, నువ్వు తెచ్చిన ముక్క ఏం చేసిందో తెలుసా? గాజు పళ్ళేల్లో పెంచుతున్న కాన్సర్ కణాల్ని మాడ్చేసింది. పక్కనున్న మంచి కణాల జోలికి పోలేదు!"

"స్పాంజికి అంత కోపమా అమ్మా?" అన్నాడతను, ఏం అనాలో తెలియక.

"కోపం కాదు, భయం. దానికి కాళ్ళు లేవు, పారిపోలేదు. పళ్ళు లేవు, కరవలేదు. పక్కవాడు మీదికి పాకకుండా విషం చేసుకుని బతుకుతుంది. ఆ విషంలోంచే మనం మందు తియ్యాలి. ఇంకా కావాలి నాకు. అదే చోటు నుంచి తేవాలి."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆ సంతోషం చూశాక నోరు పెగల్లేదు. దానికి బదులు, ఇకనుంచి తప్పు చెయ్యకూడదని గట్టిగా అనుకుని, నిజంగానే బయటి బండకు వెళ్ళాడు. నిజంగానే పన్నెండు బారలు దిగాడు. తొమ్మిదిసార్లు దిగాడు. తొమ్మిది సంచుల్లోనూ రంగుకు రంగు, మెత్తదనానికి మెత్తదనం అదే స్పాంజి. ఒక్కదాంట్లోనూ ఆ విషం చుక్క కూడా లేదు.

డాక్టరమ్మ అతని చీటీని అనుమానించలేదు. తన పరిశోధనశాలనే అనుమానించింది. ఆ మొదటి రోజు సీసాలు కడిగిన మనిషి, అందరూ సీసాలక్క అని పిలిచే ఆవిడ, సరిగ్గా కడగలేదేమో, సీసాలో మిగిలిన సబ్బు మందే కణాల్ని చంపిందేమో అని చర్చ లేచింది. పన్నెండేళ్ళుగా గాజు కడుగుతున్న సీసాలక్కను తీసుకెళ్ళి మెట్లు తుడిచే పనిలో పెట్టారు. అప్పట్నుంచి బుడుంగు పెరటి తలుపు నుంచి లోపలికి వెళ్ళడం మొదలుపెట్టాడు. ముందు వైపు మెట్లు ఉన్నాయి మరి.

పదో సంచి ఇవ్వడానికి వెళ్ళిన రోజు డాక్టరమ్మ అందుకోలేదు.

"వద్దులే. శుక్రవారం పైవాళ్ళకు ఉత్తరం రాసేస్తున్నా. మొదటి ఫలితం మా పొరపాటని ఒప్పుకుంటున్నా. ఈ పని ఆపేస్తారు. పాపం, నీచేత ఊరికే ఇన్ని మునకలు వేయించాను. ఏమీ అనుకోకు."

ఆవిడ తనకు క్షమాపణ చెప్తోంది. సంచి పట్టుకుని అలాగే బయటికి వచ్చాడు.

రేవు దగ్గర క్రేను ఆడుతోంది. కొత్త కట్ట కోసం పాత గుంజలు పీకుతున్నారు. పీకినవి ఒడ్డున ఎండలో వరసగా పడున్నాయి. వాటి మీది పసుపు స్పాంజి అప్పుడే బూడిదరంగుకు తిరిగి, గోరు తగిలితే పొడిగా రాలుతోంది.

ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు కానీ చెయ్యి పెట్టలేదు. పెళ్ళాం చూసి చూసి అడిగింది.

"ఏమయ్యా, చెవా, కడుపా?"

చెప్పాడు. పెళ్ళయ్యాక ఒక్క ఊపిరిలో అన్ని మాటలు అతను మాట్లాడ్డం ఆవిడ వినడం అదే మొదలు.

"నాకు చెప్తే నేనేం చెయ్యను? నాకేం తెలుసు కణాలో, గుణాలో! ఆ మాట వినాల్సినవాళ్ళు అక్కడున్నారు."

"రేపు వెళ్తాలే."

"రేపటికి క్రేను ఆగుతుందా? లే. కంచం ఎక్కడికీ పోదు."

వెళ్ళాడు. డాక్టరమ్మ బల్ల ముందు నిలబడి, నేల చూస్తూ మొత్తం చెప్పేశాడు. ఆవిడ ఒక్కటే అడిగింది.

"ఎంత లోతు?"

"నడుం లోతమ్మా."

"నడుం లోతు." ఆవిడ లేచి, ఫైల్లోంచి పాత చీటీ తీసి అతని ముందు పెట్టింది. "కొట్టెయ్. నీ చేత్తోనే నిజం రాయి."

అతను పాత మాటలు కొట్టేసి, "పాత రేవు గుంజ, నడుం లోతు" అని రాశాడు.

"స్పాంజి స్పాంజే అనుకున్నానమ్మా."

"అదే నీ తప్పు. విషం చేసేది స్పాంజి కాకపోవచ్చు. దాని ఒంట్లో కాపురం ఉండే సూక్ష్మజీవులు కావచ్చు. రేవు మురికిలో బతికేవి బండ దగ్గర ఎందుకుంటాయి? నువ్వొక్క మాట చెప్తే ఏడాది కిందటే వెతికేదాన్ని. పద."

క్రేను డ్రైవరు ముందు ఒప్పుకోలేదు. "నాచు కోసం పని ఆపమంటారేంటమ్మా!" అన్నాడు. డాక్టరమ్మ వెళ్ళి క్రేను ముందే నిలబడేసరికి అరగంట ఇచ్చాడు. నీళ్ళలో నాలుగు గుంజలే మిగిలాయి. తాను గీకిన గుంజ వాటిలో లేదు. బుడుంగు నాలుగింటి మీదా దొరికినంత తీశాడు. ఈసారి చీటీ డాక్టరమ్మే రాసింది. సంచులు మంచుపెట్టెలో సర్దాక అతను అడగకుండా ఉండలేకపోయాడు.

"వీటిలో ఉంటుందా అమ్మా?"

"తెలీదు. శుక్రవారం ఉత్తరం మాత్రం ఆపుతా. ఇకనుంచి పడవలో నేనూ వస్తా. నీ మాట మీద పని చెయ్యడం నావల్ల కాదు."

తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. ఆవిడ రెండడుగులు వేసి ఆగింది.

"సీసాలక్కను రేపు లోపలికి పిలుస్తా. ఎందుకు పిలుస్తున్నానో మాత్రం నువ్వే చెప్పాలి."

ఆ రోజే బుడుంగు పరిశోధనశాలకు ముందు వైపు నుంచి వెళ్ళాడు. సీసాలక్క మూడో మెట్టు మీద వంగి తడిగుడ్డతో తుడుస్తోంది. అతను పొడి మెట్టు మీద ఆగి జరిగింది చెప్పాడు. ఆవిడ తుడవడం ఆపలేదు. మెట్టు చివరిదాకా తుడిచి, గుడ్డ బకెట్లో పిండి, అప్పుడు నడుం ఎత్తింది.

"అంటే నేను బాగానే కడిగాను."

"బాగానే కడిగావక్కా."

"ఇన్ని నెలలుగా ఇంట్లో గ్లాసు కడిగినా వాసన చూసుకుంటున్నా తమ్ముడూ. సబ్బు మిగిలిందేమోనని. నా మనవరాలికి పాలు పొయ్యడానికి కూడా చెయ్యి ఆడలేదు నాకు."

ఆవిడ బకెట్ అందుకుంది.

"జరుగు. నువ్వు నిలబడ్డ మెట్టు ఇంకా తుడవలేదు."

బుడుంగు కిందికి దిగాడు. ఆవిడ అతని తడికాళ్ళ గుర్తులు ఒక్కొక్కటే తుడుస్తూ పోయింది. అన్ని మెట్లూ అయ్యేదాకా అతను అక్కడే ఎండలో నిలబడ్డాడు. ఆవిడ వెళ్ళమనలేదు, ఉండమనీ అనలేదు.