తూము రాయి మీద ఖాళీ

నేను ఒక బ్రష్షును. బూట్లు తుడిచేదాన్ని కాదు, గోడలకు సున్నం వేసేదాన్నీ కాదు. రాతి మీద పాత రాతలుంటే వాటి పైన తడి కాగితం పరిచి నాతో కొడతారు. కాగితం మెత్తబడి అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. పైన మసి అద్దితే కాగితమంతా నల్లగా, అక్షరాలు మాత్రం తెల్లగా తేలతాయి. ఆరాక ఆ అచ్చును ఊడదీసి చాప చుట్టినట్టు చుట్టుకుపోతారు. రాయి అక్కడే ఉంటుంది, దాని మాటలు ఆఫీసుకు వెళతాయి. యాభై ఏళ్ళుగా నా పని అదే. రాళ్ళకు ఒళ్ళు రాసుకుని రాసుకుని, ఎక్కడ గుంట ఉందో ఎక్కడ లేదో నాకు తెలిసింది. గొప్పకు చెప్పడం లేదు. అలిసిపోయి చెబుతున్నాను.

గుంటూరులో ఒక ఇరుకు సందులో పుట్టాను. పిడి టేకుది. వెంట్రుకలు జట్కా గుర్రాల తోకలవి. ఆటోలు వచ్చి జట్కాలు పోతున్న రోజులవి. ఆ గుర్రాలు బతికినన్నాళ్ళు మనుషులను మోశాయి. పోయాక వాటి తోకలు మనుషుల పేర్లు మోయడానికి పనికొచ్చాయి. మనుషులు దేన్నీ ఊరికే పోనివ్వరు.

శాసనాల ఆఫీసులో నన్ను మొదట పట్టిన చెయ్యి మస్తాన్‌ది. అచ్చులు తీసే ఉద్యోగం ఆయనది, చదివింది మూడో తరగతి. ఆయన తీసిన అచ్చును చదివే పెద్దమనిషి శొంఠి విశ్వపతి గారు. ఈయన సంస్కృత పాఠశాలలో పన్నెండేళ్ళు తర్కం చదివారట. ఆ చదువుకు ఎక్కడా కొలువు దొరక్క రాళ్ళ దగ్గరికి వచ్చి పడ్డారు. ఇద్దరూ కలిసి బస్సుల్లో, ఎద్దుబండ్లలో, పొలం గట్ల మీద ఊళ్ళు తిరిగేవారు. నేను సంచిలో ఉండేదాన్ని.

“మస్తానూ, ఇక్కడ అక్షరం ఉందంటున్నావే. నీ చెయ్యి చెప్పిందా, కన్ను చెప్పిందా, ఊళ్ళోవాళ్ళు చెప్పారా, ఉంటే బాగుండునని నువ్వే చెబుతున్నావా?” అని అడిగేవారు విశ్వపతి గారు.

“నాలుగోదేనండి అయ్యగారూ.”

“అయితే చుక్క పెట్టు.”

తెలియని అక్షరం ఉన్నచోట చుక్క పెట్టడం వాళ్ళ ఆఫీసు పద్ధతి. విశ్వపతి గారి పుస్తకాల్లో అక్షరాల కన్నా చుక్కలే ఎక్కువని పైవాళ్ళు విసుక్కునేవారు. ఆయనకు ప్రమోషన్ రాలేదు.

ఒకసారి ఎండలో బండ మీద కూర్చుని అడిగారు. “ఈ బండ మీద కుండ లేదు. లేదని నీకెలా తెలిసింది?”

“దాహమేస్తా ఉంటే తెలిసిందండి” అన్నాడు మస్తాన్.

ఆయన తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వారు. తర్వాత నిదానంగా చెప్పారు. “ఉంటే కనపడేది. వెతికి చూశావు, కనపడలేదు. కాబట్టి లేదు. చూడకుండా లేదనకూడదు. ఉంది అనడానికి ఎంత పని ఉందో లేదు అనడానికీ అంత పని ఉంది.” లేకపోవడాన్ని కన్నే చూస్తుందా, దాన్ని తెలుసుకోవడానికి వేరే దారి ఉందా అని పండితులు వందల ఏళ్ళు తగాదా పడ్డారట. మనుషులకు తీరిక ఎక్కువ.

విశ్వపతి గారు పోయారు. ఆఫీసుకు కెమెరాలు వచ్చాయి. మస్తాన్ రిటైరైన రోజు నన్ను కూడా సంచిలో వేసుకుని నరసరావుపేట తెచ్చుకున్నాడు. అడిగినవాళ్ళు లేరు.

తర్వాత ఒక వేసవిలో సోషల్ టీచర్లకు శిక్షణ పెట్టి, అచ్చు తీయడం చూపించమని ఆయన్ను పిలిచారు. నలభై మంది వచ్చారు. ముప్పై తొమ్మిది మంది ఫోటోలు తీసుకుని టీ తాగడానికి వెళ్ళారు. ఒకామె మాత్రం కొంగు దోపుకుని నన్ను చేతిలోకి తీసుకుంది. నాలుగు దెబ్బలు కొట్టగానే మస్తాన్ తల ఎత్తాడు.

“ఎవరమ్మాయివి తల్లీ?”

“వడ్డెరోళ్ళమండీ. గార్లమిట్ట. పల్లపు తిరపతమ్మ నా పేరు.”

“అందుకే. రాతికి దెబ్బ ఎంత పడాలో నీ చేతికి తెలుసు” అన్నాడు. ఆ సాయంత్రం నన్ను ఆమెకే ఇచ్చేశాడు. విశ్వపతి గారి నాలుగు ప్రశ్నలు కూడా ఇచ్చాడు.

తిరపతమ్మ వాళ్ళది తరతరాలుగా రాళ్ళు కొట్టి, చెరువులు తవ్విన కులం. ఆమె కులంలో ఆ ఊళ్ళో హైస్కూలు టీచరు అయిన మొదటి మనిషి ఆమే. చరిత్ర పాఠం మొదలుపెట్టే ముందు ఆ నాలుగు ప్రశ్నలూ పాఠానికి తగ్గట్టు మార్చి బోర్డు మీద రాసేది. ఎవరు చూశారు, ఎవరు చెప్పారు, దేన్నిబట్టి ఊహించారు, ఉంటే బాగుండునని ఎవరనుకున్నారు. ఒక్కో రాజు దగ్గర ఒక్కో వారం పట్టేది. “సిలబస్ ఎప్పటికి అయిద్దమ్మా?” అని హెడ్మాస్టరు తల పట్టుకునేవాడు. ఒకాయన బడికొచ్చి గొడవ కూడా పెట్టాడు. “మా పిల్ల ఇంట్లో నేనేం చెప్పినా ‘నీకెట్టా తెలుసు నాయనా’ అంటంది మేడం. ఇదేం చదువు?”

ఇంతలో ఊరచెరువు తూముకు మరమ్మతులు వచ్చాయి. పాత చెక్క తలుపు తీసి ఇనుప తలుపు, దానికో మోటారు పెట్టారు. తూము పక్కన ఒక నిలువు రాయి ఉంది, దాని మీద ఆరు వరుసల పాత రాత. తూము కథ రాసి కొత్త ఫలకం పెట్టాలని, రాసినదాని కింద బడి చరిత్ర టీచరు సంతకం ఉండాలని పైనుంచి కాగితం వచ్చింది. ప్రెసిడెంటు చినపిచ్చయ్య ఆ కాగితం పట్టుకుని తిరపతమ్మ దగ్గరికి వచ్చాడు.

“టీచరమ్మా, నువ్వు ఏ పేరిస్తే అది చెక్కిస్తా. మా ముత్తాత కట్టించాడని మా నాయన చెప్పేవాడు. మరీ కాదనుకుంటే వదిలెయ్, ఒకసారి చూడు” అన్నాడు.

వడ్డెర కాలనీలో వేరే మాట ఉంది. తూము కట్టింది మనోడేనని ముసలివాళ్ళు చెబుతారు. ఊళ్ళో వీధులకు పేర్లున్నాయి, బావులకు పేర్లున్నాయి, ఎక్కడా వాళ్ళ పేరు లేదు. తిరపతమ్మ ఆ మాట ఎవరితోనూ అనలేదు. కానీ పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు ఆ రాతి మీద కాగితం పరిచి నాతో కొడుతుంటే, ప్రతి దెబ్బా మామూలు కన్నా గట్టిగా పడటం నాకు తెలిసింది.

అచ్చు ఊడదీసి చదివింది. ‘గార్లమిట్ట చెరువుకు తూము చేసి నిలిపిన’ అని ఉంది. తర్వాత ఐదారు అక్షరాల మేర ఏమీ లేదు. ఆ తర్వాత ‘ఈ నీరు పారినంత కాలము వీని పేరు నిలుచు గాక’ అని ఉంది. నీరు పారుతూనే ఉంది. పేరే లేదు.

బడికి కొత్తగా టాబ్లెట్లు వచ్చాయి. వాటిలో పాత రాతలు చదివి, పోయిన అక్షరాలు పూరించే తెలివైన యంత్రం ఒకటి ఉంది. ఆమె అచ్చును ఫోటో తీసి పెట్టి, కింద ఒక వాక్యం రాసింది. యంత్రం క్షణంలో ఖాళీ పూరించింది. ‘ఒడ్డె బొల్లన.’ నమ్మకం తొంభై రెండు శాతం అని కూడా వేసింది. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆమె అలా చేయడం నేను చూడటం అదే మొదలు.

మర్నాడు తొమ్మిదో తరగతిలో ఆ పేరు బోర్డు మీద రాసి, మన ఊరి తూము కట్టింది ఈయనేనని యంత్రం తేల్చిందని చెప్పింది. రెండో బెంచీలోంచి రిజ్వానా అనే పిల్ల లేచింది.

“దానికెలా తెలుసు మేడం?”

క్లాసంతా నవ్వింది. రిజ్వానా నవ్వలేదు. “దానికి చెయ్యి లేదుగా మేడం. రాయి పట్టుకుని చూడలేదుగా. మీరేమని అడిగారు?”

తిరపతమ్మ టాబ్లెట్ తీసి, తాను రాసిన వాక్యం పైకి చదివింది. ‘ఈ తూము కట్టినవాడు వడ్డెర కులస్థుడు అయి ఉండవచ్చు, పేరు చెప్పు.’ ఇక ఎవరూ నవ్వలేదు.

వెనక నుంచి ఎవరో అరిచారు. “ప్రెసిడెంటు గారి ముత్తాత అని పెట్టి అడగండి మేడం!” అడిగింది. యంత్రం ఇంకో పేరు ఇచ్చింది. తొంభై ఒక్క శాతం. ఈసారి పైకప్పు ఎగిరేలా నవ్వారు. అందరికన్నా ఆఖరున ఆమె కూడా నవ్వింది. తర్వాత బోర్డు మీది పేరు తుడిచేసింది.

యంత్రాన్ని నేను తప్పు పట్టను. ఉంటే బాగుండునని అడిగితే బాగుండేదే ఇచ్చింది. వంశాలను పొగిడే ఊరి భట్రాజులు కూడా ఒకప్పుడు ఆ పనే చేసేవారు, కాకపోతే శాతాలు చెప్పేవారు కారు.

ఆదివారం పొద్దున మేనమామ ఆలకుంట యల్లమందను తూము దగ్గరికి తీసుకొచ్చింది. డెబ్బై దాటిన మనిషి. అరవై ఏళ్ళు రాయి కొట్టాడు, బడి గడప తొక్కలేదు.

“చదువుకున్నదానివి నువ్వు. నన్నెందుకు లాక్కొచ్చావే?”

“ఇది వానకు అరిగిందా, ఎవరన్నా తీసేశారా మామా?”

ఆయన బొటనవేలు తడి చేసుకుని ఖాళీ మీద మెల్లగా జరిపాడు. “వాన తింటే నున్నగా ఉంటది. ఇది గరుకు. ఉలితో తీశారు. తీసినోడు పనోడే. మొరటోడైతే ఇక్కడ పెచ్చు లేసేది. రాయికి నొప్పి తగలకుండా తీశాడు.” మళ్ళీ తడిమాడు. “ఎడంచేతోడు.”

“ఏంటి?”

“ఉలి వాలు చూడు, ఇట్టా పడింది.” వేలు పై వరుసకు జరిపాడు. అక్షరాల అంచులు ఒక్కొక్కటే తడిమాడు. “ఇది రాసినోడూ ఎడంచేతోడే.”

ఆయన చెబుతున్నది నిజమని నాకు తెలుసు. ఆ వాలు నా వెంట్రుకలకు తగిలింది. చెప్పడానికే నాకు నోరు లేదు.

తిరపతమ్మ రాతి మీదికి వంగింది. “అంటే మామా, తన పేరు తనే... తన చేతనే తీయించారా?”

యల్లమంద బీడీ తీసి వెలిగించకుండా చేతిలో పట్టుకున్నాడు. “ఎడంచేతోళ్ళు ఇద్దరుండరా? నా కొడుకు లేడూ, వాడి కొడుకు లేడూ? నేనేమన్నా అప్పుడున్నానా?”

“మరి కాలనీలో మనోడేనంటారుగా!”

“అనుకుంటాం. అనుకోటం వేరు, చెక్కటం వేరు. చెక్కినాక తీయాలంటే ఎంత పనో చూస్తన్నావుగా.”

విశ్వపతి గారు అక్కడ ఉండి ఉంటే ఆ మాటకు చెప్పులు విడిచేవారు. పన్నెండేళ్ళ తర్కం ఆ ముసలివాడి బొటనవేలి దగ్గర ఆగింది.

తిరపతమ్మ ఫలకానికి రాసిచ్చినది ఇది. ‘ఈ తూము కట్టి నిలిపినవారి పేరు పాత రాతి మీద ఉండేది. దాన్ని ఉలితో తీసేశారు. ఎవరు తీశారో, ఎందుకు తీశారో తెలియదు.’ దాని కింద ఆరు అక్షరాల మేర ఖాళీ వదలమంది. కింద సంతకం పెట్టింది.

“ఇదేం ఫలకం తల్లీ! పెళ్ళికొడుకు పేరు లేకుండా శుభలేఖ అచ్చేసినట్టుంది” అన్నాడు ప్రెసిడెంటు. “మా ముత్తాత పేరు రాకూడదా?”

“మా తాత పేరు కూడా రాలేదండీ.”

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఇద్దరికీ రాలేదు కాబట్టి పోట్లాడటానికి ఏమీ మిగలలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కాలనీలో అంత తేలిగ్గా పోలేదు. యల్లమంద భార్య, తిరపతమ్మకు అత్త, వాకిట్లోనే నిలబెట్టి అంది. “పరాయోళ్ళు మన పేరు తీసేస్తే ఊరుకున్నాం. రాసే చెయ్యి మనదయ్యేసరికి నువ్వే తీశావు. ఎందుకమ్మా నిన్ను చదివిచ్చింది?” తిరపతమ్మ వాకిట్లోంచే వెనక్కి మళ్ళింది. నెల రోజులు అత్త పలకలేదు. పెళ్ళిళ్ళలో పక్కన కూర్చున్న ఆడవాళ్ళు కొంచెం జరిగి కూర్చున్నారు.

ఫలకం యల్లమందే చెక్కాడు. అక్షరాలకు నాలుగు రోజులు పట్టింది. ఖాళీకి ఆరు రోజులు పట్టింది. “రాయి మొత్తం ఖాళీగానే వస్తదిగా మామా?” అని ఆమె అడిగింది. “అది పట్టిచ్చుకోని ఖాళీ. ఇది కావాలని ఉంచిన ఖాళీ. చూస్తే తెలియాలా వద్దా?” అన్నాడు.

అక్కడితో నా పని అయిపోయిందనుకున్నాను. ఆ ఊళ్ళో తీయడానికి ఇంకో శాసనం లేదు. కానీ మనుషులు ఖాళీని చూసి ఓర్చుకోలేరు. ఫలకం నిలిపిన వారానికి ఎవరో పెయింటుతో ప్రెసిడెంటు ముత్తాత పేరు రాశారు. తనకు తెలియదని ప్రెసిడెంటు ఒట్టు పెట్టుకున్నాడు. తిరపతమ్మ బకెట్టు, కిరసనాయిలు, నన్ను తీసుకుని వెళ్ళి తుడిచింది. తర్వాత కాలనీ కుర్రవాళ్ళు బొల్లన పేరు రాశారు. అదీ తుడిచింది. తర్వాత ఒక పార్టీ పేరు, ఒక హీరో పేరు, ఎవడో ప్రేమించిన పిల్ల పేరు. ప్రతిసారీ బడి వదిలాక సంచిలో నన్ను వేసుకుని కట్ట మీద నడిచి వెళ్ళేది. “టీచరమ్మకు ఇంట్లో గిన్నెలు లేనట్టున్నయ్” అని గొడ్లు కాసేవాళ్ళు నవ్వేవారు.

తడి కాగితానికి పుట్టిన వెంట్రుకలు నావి. పెయింటును గోకడానికి పుట్టినవి కావు. కుచ్చులు కుచ్చులుగా రాలాయి. ఇప్పుడు నా ఒంటి మీద సగం కూడా లేవు. అక్షరాలను పైకి తేవడానికి చేసిన దాన్ని, పేర్లు తుడుస్తూ అరిగిపోయాను. రెండూ ఒకే పనేనని తిరపతమ్మ ఒకసారి పిల్లలతో అంది. కావచ్చు. నాకు నొప్పిలో తేడా తెలుస్తుంది.

మొన్న శనివారం సాయంత్రం మళ్ళీ తీసుకెళ్ళింది. ఖాళీలో ఎవరూ ఏమీ రాయలేదు, రాయి శుభ్రంగా ఉంది. నన్నెందుకు తెచ్చిందో అర్థం కాలేదు. అటూ ఇటూ చూసింది. కట్ట మీద ఎవరూ లేరు. సంచిలోంచి సుద్దముక్క తీసి, వంగి, ఖాళీలో ఒక పేరు రాసింది. నేను గుంటలనే చదవగలను; సుద్దకు గుంట ఉండదు, ఆమె పైకి చదవనూ లేదు కనుక అది ఏ పేరో నాకు అందలేదు. రాసి, రెండడుగులు వెనక్కి వేసి, కట్ట మీద కూర్చుని దాన్ని చూసింది. తూములోంచి నీళ్ళు పొలాల మీదికి పోతున్నాయి. గొడ్లు ఇంటికి మళ్ళేదాకా చూస్తూనే ఉంది.

తర్వాత లేచి నన్ను నీళ్ళలో ముంచింది. సుద్ద ఒక్క రుద్దుకు పోతుంది. ఆమె చాలాసేపు రుద్దింది.