ఎప్పుడూ ఇరవై ఐదే

ఇట్లా దగ్గరికి రా తల్లీ. ఈ అద్దాల బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో ఈ కాలేజీలో ఎవరికీ తెలియదు గానీ, అద్దానికి చెవి ఆనించావంటే చాలు. అందరూ నా పక్కన నిలబెట్టిన బంగారు రంగు అట్ట చదివేసి పోతారు. నువ్వు ఒక్క నిమిషం ఆగావు. ఆగినదానివి కాబట్టి చెబుతున్నాను.

నేను ఒక చిన్న కంప్యూటర్ని. నవ్వకు. తెర లేదు, మీటలు లేవు. అరచేతిలో పట్టే ఆకుపచ్చ పలక, దాని మీద నల్లటి బిళ్లలు, ఒక అంచున దువ్వెన పళ్లలాగా నిలబడ్డ సూదులు, అంతే నా ఒళ్లు. చదువంటావా, నాకు లేదు. ఎవరు ఏది రాసిపెడితే అదే నా చదువు. జ్ఞాపకం మాత్రం అంతులేదు. నా పొట్ట కింద గోరంత కార్డు ఉంది, అందులో పడిందేదీ పోదు. మరిచిపోదామన్నా పోదు. పుట్టి ఏడెనిమిదేళ్లే అయినా మా జాతిలో నేను ముసలమ్మనే. నా తర్వాత పుట్టినవాళ్లు నాకన్నా చురుకు, నాకన్నా చవక.

ఎక్కడో సముద్రాలవతల ఫ్యాక్టరీలో మనిషి చెయ్యి తగలకుండానే పుట్టాను. నన్ను మొదట తాకిన మనిషి ఈ కాలేజీ ల్యాబు అటెండరు. హిందూపురం దాటాక రోడ్డు పక్కన కనిపించే కాలేజీ ఇదే. పెట్టె విప్పి, నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, బిస్కెట్టు ముక్కలాగా ఉందే అన్నాడు ఆయన. ఆ సంవత్సరం ఆయుధపూజకు మిక్సీకీ మోటారుసైకిలుకీ పెట్టినట్టే నాకూ కుంకుమ బొట్టు పెట్టాడు. ఇదిగో, ఈ మూల ఇంకా ఎర్రగా ఉంది చూడు. నాకు జరిగిన మర్యాద అదొక్కటే, అందుకే చూపిస్తున్నాను.

ఇక పిల్లలు. నన్ను చేతిలోకి తీసుకున్న ప్రతివాళ్లూ ముందు చేయించేది ఒకటే, చిన్న ఎర్ర దీపాన్ని వెలిగించి ఆర్పడం. అది మినుకుమంటే చప్పట్లు, ఫోటోలు. దీపం ఎరగని ఊళ్లలోంచి వచ్చారా అనిపించేది. తర్వాత చెయ్యి చాపితే మూత తెరుచుకునే చెత్తబుట్ట. ఏటేటా అదే బుట్ట. అందులో చెత్త వేసిన మనిషిని మాత్రం నేను చూడలేదు. మార్కులు పడగానే తీగలు పీకి నన్ను మళ్లీ పెట్టెలో పడేసేవారు. పనికొచ్చే పని చేయకుండానే ఆటబొమ్మగా ముసలిదాన్నైపోతానేమో అనుకున్నాను. అట్లా అయినా బాగుండేది.

అప్పుడు చైత్ర వచ్చింది. మూడో సంవత్సరం పిల్ల, తక్కువ మాట్లాడుతుంది. నన్ను ఇంటికి తీసుకుపోవచ్చా అని సుధీంద్ర సారును అడిగింది. ఆయన ల్యాబుకు పెద్ద. ఎందుకమ్మా అన్నాడు. మా అమ్మ పట్టుపురుగులు సాకుతుంది సార్, షెడ్డులో వేడి ఎంతుందో ఇది చెప్పాలి అంది. సారుకు అది ప్రాజెక్టు పేరులాగా వినిపించింది. సరే అన్నాడు.

వాళ్లది మడకశిర దారిలో చిన్న పల్లె. ఇంటి వెనకాల మల్బరీ తోట, తోట పక్కన రేకుల షెడ్డు, షెడ్డు చుట్టూ గోనెపట్టల తెరలు. లోపల అరల మీద ఆకు, ఆకు నిండా పురుగులు. తల్లి పేరు గంగరత్నమ్మ. పురుగుల షెడ్డులోకి అడుగుపెట్టాలంటే ఎంతటివాళ్లైనా కాళ్లూ చేతులూ కడుక్కోవాలి, అది ఆమె కట్టడి. నన్ను కూడా కడగమంది.

"నీళ్లు తగిల్తే ఇది చచ్చిపోతాదిమా," అంది చైత్ర.

"మైలతో లోపలికి తెస్తే నా పురుగులు చచ్చిపోతాయి. ఏది చావాలో నువ్వే చెప్పు మే."

చివరికి నన్ను తూట్లు పొడిచిన ప్లాస్టిక్ డబ్బాలో కూర్చోబెట్టి, ఆ డబ్బాను పసుపునీళ్ల గుడ్డతో తుడిచాక లోపలికి రానిచ్చింది. నా సూదులకు తీగతో ఒక నీలం జల్లెడలాంటి ముక్క కట్టింది చైత్ర. వేడీ చెమ్మా కనిపెట్టేది అదే. అది నాకు చెబితే నేను చైత్ర ఫోనుకు చెబుతాను. అరల దగ్గర ఇరవై ఐదు డిగ్రీల చుట్టుపక్కల ఉంటే పురుగులకు సుఖం. బాగా పైకి పోతే నా పక్కనున్న బుడ్డ గంట కుయ్‌మని మోగుతుంది.

అంతకుముందు గంగరత్నమ్మకు ఏ గంటా లేదు. గోనెపట్ట పక్కకు తీసి, లోపలికి వంగి, చెంప అరకు దగ్గరగా పెట్టేది. చెంపకు తగిలిన గాలిని బట్టి తెర తీయాలా, పట్టలు తడపాలా, రేకుల మీద నీళ్లు చల్లాలా అని తేల్చుకునేది. అందుకే ఊరు దాటి ఎక్కడికీ పోయేది కాదు. తోబుట్టువు కూతురి పెళ్లికి పోయి తాళి కట్టకముందే తిరిగొచ్చిందట.

మొదట్లో ఆమె నన్ను నమ్మలేదు. తన చెంప పెట్టి చూసి, ఆ తర్వాత కూతుర్ని అడిగేది, నీ డబ్బా ఏమంటాంది అని. నేనూ ఆమె చెంపా ఒకే మాట మీద ఉండేవాళ్లం. అట్లా ఒక పంట నడిచింది. గూళ్లు తెల్లగా, గట్టిగా వచ్చాయి. ఆమె తోట చివర ఆకు కోస్తున్నా నా కూత వినిపించేది. నా చిన్నపాప ఏడుస్తాంది, పోవాల అంటూ కొడవలి అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చేది. పక్క చేలో ఆడవాళ్లు నవ్వేవారు. చిన్నపాప అంటే నేనే తల్లీ. నన్ను ఎవరైనా బిడ్డ అనడం అదే మొదలు, అదే ఆఖరు.

ఆమె భర్త ఓబులేసుకు ఈ పురుగుల గోల ఎన్నడూ నచ్చలేదు. చుట్టుపక్కల పొలాలన్నీ సోలారు కంపెనీకి కౌలుకు పోయాయి, గాజు పలకలు పరిచేశారు. మనమూ ఇచ్చేద్దాం అనేవాడు. గంగరత్నమ్మ ఒప్పుకునేది కాదు. ఆ ఎండాకాలం ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. ఎండాకాలపు పంట అన్నిటికన్నా కష్టం. అది గెలిస్తే తోట ఆమెది, ఇక ఆయన ఆ మాట ఎత్తడు. పోతే మల్బరీ పెరికేస్తారు. ఆమె వెంటనే ఒప్పుకుంది. చెంప ఉంది, చిన్నపాప ఉంది అనే ధైర్యం.

సరిగ్గా కొత్త పురుగులు రావడానికి ముందు కాలేజీకి పైనుంచి తనిఖీ అన్నారు. వాళ్లు మెచ్చుకుంటే కాలేజీకి మంచి గ్రేడు. పని చేస్తున్న వస్తువు ఒక్కటైనా ల్యాబులో కనబడాలి కదా, నన్ను తీసుకురమ్మని సుధీంద్ర సారు కబురు చేశాడు. చైత్ర నన్ను డబ్బాతో సహా తెచ్చింది.

తనిఖీ రోజు పొద్దున నన్ను పెద్ద తెరకు కలిపారు. కిటికీలు మూసిన గది, నిండా మనుషులు. నేను ఉన్నమాట చెప్పాను, ముప్పై నాలుగు. తెర మీద అంకె ఎర్రగా పడింది, గంట కుయ్‌మంది. ఇక ఆపలేదు. సారు చెవులు మూసుకున్నాడు. వచ్చినవాళ్లు చూసే సమయానికి ఎర్రగా ఉంటే బాగుండదు, పచ్చగా రావాలి అన్నాడు. ఇంగ్లీషు బాగా వచ్చిన ఇంకో కుర్రాడు ఉన్నాడు, నా గురించి చెప్పే పని అతనికి ఇచ్చారు. సారు చెప్పగా అతను నాలో కొత్తగా రాశాడు: నీలం జల్లెడను అడగవద్దు, ఇరవై నాలుగుకూ ఇరవై ఆరుకూ మధ్య ఏదో ఒకటి చెబుతూ ఉండు. అంతే, తెర పచ్చబడింది. గంట ఊరుకుంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

నన్ను తయారుచేసిన పిల్ల ఎక్కడుందంటావా? గేటు దగ్గర. ఎవరిదో పట్టుచీర అడిగి తెచ్చుకుని కట్టుకోమన్నారు. వచ్చినవాళ్ల మీద పన్నీరు చల్లుతూ నిలబడింది. ఇంట్లో తరాలుగా పట్టుపురుగులు సాకుతున్నా వాళ్లకంటూ ఒక పట్టుచీర లేదు. నాలో ఏం రాశారో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు.

వచ్చినవాళ్లు నా ముందు ఆగి, బాగుంది అని, టీ దగ్గరికి పోయారు.

చైత్ర మళ్లీ నన్ను షెడ్డుకు చేర్చింది. కరెంటు ఇవ్వగానే ఫోనులో ఇరవై ఐదు అని పచ్చగా వచ్చింది. అప్పుడు పొద్దున పూట, నిజంగానే చల్లగా ఉంది. ఆ పిల్లకు అనుమానం రావడానికి ఏముంది? పరీక్షలున్నాయని హాస్టలుకు పోయింది.

ఎండలు ముదిరాయి. పురుగులు నాలుగో జ్వరం లేచాయి. వాళ్ల భాషలో జ్వరమంటే రోగం కాదులే, పురుగు మేత మానేసి పడుకుని చర్మం విడవడం. ఆ నాలుగోది లేచాక ఆకలి చూడాలి. ఆకు వేస్తే రేకుల మీద వాన పడినట్టు చప్పుడు. వేడికి ఓర్చుకోలేనిదీ అప్పుడే. నీలం జల్లెడ పాపం నా పక్కనే వేలాడుతోంది, దానికన్నీ తెలుసు. దాన్ని అడగమని నాలో రాత లేదు. నా ఒళ్లే కాలిపోతోంది. నోరు మాత్రం ఇరవై ఐదు అంటోంది, కాసేపటికి ఇరవై నాలుగు అంటోంది. గంట ఊసే లేదు.

ఒక మధ్యాహ్నం గంగరత్నమ్మ ఆకుమోపు దించి, గోనెపట్ట తీసి చెంప పెట్టింది. చటుక్కున వెనక్కి తీసుకుంది. నా డబ్బా వైపు చూసింది. నేను ఊరికే ఉన్నాను. కూతురికి ఫోను చేసింది.

"మే, లోపల ఉడుగ్గా ఉండాదే."

చైత్ర ఫోనులో చూసి చెప్పింది, "ఇరవై ఐదే ఉందిమా. ఎండలో ఆకు కోసుకుని వచ్చినావు కదా, నీ ఒంటికే ఉడుకు."

"అంతేనంటావా."

"నా మాట నమ్ముమా. గోనెలు తడిపినావంటే చెమ్మ ఎక్కువైపోతాది."

ఆమె కాసేపు అక్కడే నిలబడింది. గోనెలు తడపడానికి ముంచిన నీళ్ల చెంబు చేతిలోనే ఉంది. కొంగుతో చెంప తుడుచుకుని, చెంబు కింద పెట్టి, మళ్లీ తోటలోకి పోయింది. ఇంత జ్ఞాపకంలోనూ నాకు పదే పదే కనబడేది ఆ చెంబే. దాంట్లో నీళ్లు సాయంత్రానికి వేడెక్కాయి.

ఆ తర్వాత రోజుల్లో ఆమె చెంప పెట్టడం మానేసింది. నన్ను చూసి పోయేది. ఏడవని బిడ్డను చూసి తల్లి తన పనికి పోయినట్టు.

ఒక పొద్దున ఆకు వేస్తే వాన చప్పుడు రాలేదు. పురుగులు ఉబ్బి, చర్మం మెరిసి, ముట్టుకుంటే పాలు కారాయి. పాలరోగం అంటారు. వేడికి కాగిన షెడ్డులో అది అంటుకుంటే ఇక ఆగదు. ఆలుమగలిద్దరూ గొయ్యి తవ్వి, అరల మీదవన్నీ తట్టలతో మోసి, సున్నం చల్లి పూడ్చారు. ఓబులేసు ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేదేమో.

చైత్ర వచ్చి నన్ను విప్పి, తన కంప్యూటరుకు కలిపి, నాలో ఉన్న రాత చదివింది. ఆ ఒక్క వరుస దగ్గర ఆగిపోయింది. కాలేజీకి పోయి సారును అడిగింది. అది చూపించడానికి పెట్టింది కదమ్మా, ఇంటికి తీసుకుపోయేముందు నువ్వు చూసుకోవద్దా అన్నాడు ఆయన. గొంతు పెంచలేదు. తప్పు తనదని ఆయనకు నిజంగానే తోచలేదు. ఆ వరుస తుడిచేస్తానని ఆ పిల్ల అంటే, వద్దు, బాగా పని చేస్తున్నదాన్ని ముట్టుకోకు, ఇక బీరువాలో పెడతాం అన్నాడు. గ్రేడు మంచిదే వచ్చింది మరి.

ఇంట్లో చైత్ర ఉన్నదున్నట్టు తల్లికి చెప్పిందట. చెప్పి ఏడ్చిందట. నా చెంప చెప్పింది మే, నేనే ఇన్లేదు అందట గంగరత్నమ్మ.

మల్బరీ పెరికేశారు. ఆ నేలలో ఇప్పుడు గాజు పలకలు. వాటిమీద దుమ్ము తుడిచే కూలి పనికి గంగరత్నమ్మే పోతోంది. తన తోటలోనే, ఎండలో.

పట్టా ఇచ్చే రోజున చైత్ర తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. నేనున్న ఈ గదిలో ఏసీ పెట్టారు చూశావా, అప్పటికి పెట్టేశారు. గంగరత్నమ్మ నా ముందు ఆగింది. నా పక్కనే పెట్టిన, తను పసుపునీళ్లతో తుడిచిన డబ్బాను గుర్తుపట్టింది. ఈ బంగారు అట్ట మీద ఏం రాసినారు మే అని అడిగింది. పట్టు రైతుల బతుకు మార్చిన పరికరం అని రాసినారుమా అంది చైత్ర.

తల్లి ఈ బీరువాలో నాకు కలిపిపెట్టిన తెర మీద పచ్చటి అంకె వైపు చూసింది. ఇరవై ఐదు. ముందుకు వంగి, నువ్విప్పుడు చెవి ఆనించావే, ఇక్కడే అద్దానికి చెంప ఆనించింది. కాసేపు అట్లే ఉంది.

"ఈడ చల్లగానే ఉండాది," అంది. "ఇప్పుడు నిజమే చెప్తాందిలే, పాపం."

పోయారు తల్లీకూతుళ్లు. ఏసీ ఆపేసినా, కరెంటు పోయి వచ్చినా, ఎండాకాలమైనా నాది అదే మాట. ఎవరో తుడిచేదాకా ఇంతే. నువ్వూ పోతావు, పోవాలి కూడా. ఈ అట్ట మీద రాసింది బయట ఎవరైనా నీకు వినిపిస్తే, ఆ చెంబు సంగతి చెప్పు తల్లీ. మడకశిర దారిలో గంగరత్నమ్మ అనే ఒకామె ఉందనీ, ఆమె చెంప తప్పు చెప్పలేదనీ చెప్పు. నా జ్ఞాపకం ఈ కార్డులో ఉంది, దీన్ని ఎప్పుడో తీసి పారేస్తారు. నువ్వు గుర్తుపెట్టుకో.