సముద్ర దోసకాయ పిల్లకు ఎముక

తన మాట తప్పేమోనని ఉనైసికి ఒక్కసారి కూడా అనిపించలేదు. అందరూ తప్పంటున్నందుకే ఆమెకు ఒళ్ళు మండుతోంది.

సముద్రం అడుగున పాకే సముద్ర దోసకాయకూ, ఒళ్ళంతా ముళ్ళుండే ముళ్ళబంతికీ, నక్షత్ర చేపకూ మూలపుటమ్మ ఒకతే. యాభై కోట్ల ఏళ్ళ కిందటి మాట అది. ఒంట్లో సున్నంతో ఎముక కట్టమని చెప్పే జన్యువు ఆ తల్లి ముగ్గురికీ పెట్టిన సారె. పెద్దయ్యాక ముగ్గురూ దాన్ని వాడుకుంటారు. నీళ్ళలో తేలే పసిగుడ్డుగా ఉన్నప్పుడు మాత్రం ముళ్ళబంతి ఒక్కటే ఎముక కట్టుకుంటుందనీ, అది తర్వాతెప్పుడో నేర్చిన విద్య అనీ, దోసకాయ పిల్లలో ఆ జన్యువు నిద్రపోతుందనీ తేవిత ఏనాడో రాసిపెట్టాడు. పిల్లలో కూడా అది మేలుకునే ఉంటుందని ఉనైసి మాట. దీవిలో ఆమె పనిచేసే పరిశోధన కేంద్రానికి తేవితే పెద్ద. ఫిజీలో ఈ సంగతుల మీద అతను చెప్పిందే వేదం. అతను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఉనైసికి అతను మేనమామ కొడుకు. బావామరదళ్ళ మధ్య ఎంత మాటైనా చెల్లుతుంది, పడ్డవాళ్ళు కోపం తెచ్చుకోకూడదు.

"రంగు అంటుకుని ఉంటుందే," అన్నాడు తేవిత, నిమ్మాకు టీ ఊదుకుంటూ. దోసకాయ పిల్లలకు ఆమె రంగు వేసిన ప్రతిసారీ తోక దగ్గర ఊదా మచ్చ పడుతోంది. జన్యువు మేలుకుని ఉన్నచోటే పడే రంగు అది. "ఎముకే లేనిచోట ఎముక జన్యువేంటి? మధ్యాహ్నం పోటుకి పడవొస్తుంది. రాజధాని సువాలో మీటింగులో నీ ముక్క తీసేసి మిగతాది చెప్తా. ఏడవకు మరి."

"మూడేళ్ళ పని తీసేస్తావా?"

"తప్పు పని ముప్పై ఏళ్ళు చేసినా తప్పే మరదలా. అలమార నిండా నేను మందులో దాచిన పిల్లల సీసాలున్నాయి. ఒక్క దోసకాయ పిల్లకు ఎముక చూపించు, పడవలో నా చోటు నీకే ఇస్తా."

"మాట మార్చావంటే కర్రపెండలం బస్తా మోయిస్తా," అని ఉనైసి విసురుగా లేచి వెళ్ళి అలమార తెరిచింది.

దోసకాయ పిల్లల సీసాలు ఆమె ఇదివరకే జల్లెడ పట్టినవి. వాటిలో ఎముక లేదు, నిజమే. వాటి పక్కనే, అదే మందులో, అదే ఏడు పెట్టిన ముళ్ళబంతి పిల్లల సీసా దుమ్ము కొట్టుకుని ఉంది. వాటికి ఎముకుంటుందని చిన్న క్లాసు పిల్లలకు కూడా తెలుసు. అందుకే ఎవరూ మళ్ళీ తీసి చూడలేదు. ఉనైసి అందులోంచి ఒక చుక్క తీసి గాజుపలక మీద వేసింది.

ముళ్ళబంతి పిల్లకూ ఎముక లేదు.

ఆమె సీసా మీది చీటీ చదివింది. సీసాల్లో పోసే మందు, ఫార్మలిన్, నిలవ ఉంటే పుల్లబడుతుంది. ఆ పులుపును విరిచే బోరాక్స్ ఇక్కడ ఎవరూ కలిపినట్టు లేదు. కోకోడ చేద్దామని నిమ్మరసంలో నానబెట్టిన చేపలో సన్నముల్లు మెత్తబడినట్టు, పిల్లల ఒంట్లో సున్నమంతా సీసాలోనే కరిగిపోయింది.

ఇక చచ్చినవాటిని చూసి లాభం లేదు. బతికున్న పిల్ల గిరగిరా తిరుగుతుంది, చూపుకు అందదు. ఆ బాధ పడలేకే అందరూ మందులో వేసి చూస్తారు. ఉనైసి దోసకాయ పిల్లల్ని పెంచే తొట్టిలోంచి బాగా ఎదిగినవాటిని సన్న గొట్టంతో పీల్చి, మూతగాజు కింద మెల్లగా అదిమింది. మైక్రోస్కోపులో వెలుగును వడగట్టే పలకలు రెండూ ఒకదానికొకటి అడ్డంగా తిప్పింది. అలా తిప్పితే ఒళ్ళంతా చీకటై, సున్నం ఉన్నచోట మాత్రమే వెలుగు కనిపిస్తుంది.

మొదటి పిల్లలో అంతా చీకటే. రెండోదీ అంతే. బయట పడవ కూత వేసింది. "ఉంటుంది, ఎక్కడికి పోతుంది?" అని తనలో తాను గొణుక్కుని ఆమె ఇంకో పిల్ల ఉన్న గాజుపలక పెట్టింది.

తోక దగ్గర, సరిగ్గా ఊదా రంగు పడే చోట, బుల్లి చక్రమొకటి తెల్లగా వెలుగుతోంది.

"బావా! ఇటు రా!"

సంచి భుజాన వేసుకుని తేవిత గుమ్మంలోకి వచ్చాడు. "పడవ ఆగదే."

"ఆగుతుంది. ముందు చూడు."

అతను చూశాడు. సంచి కింద పెట్టి, తనే ఇంకో పిల్లను తెచ్చి చూశాడు. దానిలోనూ ఉంది. అప్పుడు ఉనైసి ముళ్ళబంతి సీసా చుక్కను అతని కంటి కింద పెట్టింది. చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఇన్నేళ్ళూ," అన్నాడు తేవిత మైక్రోస్కోపు మీంచి తలెత్తి, "నేనే వాటి ఎముకలు కరిగించి, వాటికి ఎముకలు లేవని రాశానా?"

ఆ ముఖం చూసి ఉనైసి ఓదార్చబోయి ఆగిపోయింది. జాలి చూపిస్తే అతన్ని పరాయివాణ్ణి చేసినట్టే.

"నీ బుర్ర కూడా ఆ సీసాలోనే దాచినట్టున్నావు బావా. బాగా మెత్తబడింది."

తేవిత పగలబడి నవ్వాడు. నవ్వుతూనే అరచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"పద, పడవెక్కు," అన్నాడు. "ముక్క కాదు, మొత్తం నువ్వే చెప్పు."

"మరి నువ్వు?"

"పడవలో ఏ మూలో సర్దుకుంటా. మీటింగులో నీ పక్కన నిలబడి, తప్పు నాదని చెప్తా."

"అయితే ముందు నువ్వు చెప్పు," అంది ఉనైసి, సంచి అందుకుంటూ. "ఆ తర్వాతే నేను మొదలుపెడతా."