కొసరు కుర్చీ

"అసలు సీరియల్ అయిపోయి ఎన్నేళ్లయింది! నువ్వింకా ఆ కొసరు పట్టుకుని వేలాడుతున్నావు," అన్నాడు భర్త భోజనబల్ల దగ్గర్నుంచి.

ఆమె వంటగట్టుకి నడుము ఆనించి, ఎడమచేతిలో కంచం పట్టుకుని, ఉప్పుడబ్బాకి ఆనించిన పుస్తకం చదువుతూ తింటోంది. నోట్లో ముద్ద ఉంది, పుస్తకంలో 'పిచ్చుక' ఇంజను ఆగిపోయి ఉంది. ఆ రెండింటినీ వదిలి మొగుడితో వాదించేంత తీరిక లేదు.

పిచ్చుక అంటే పిట్ట కాదు, అంతరిక్ష నౌక. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ ఒకే దుప్పట్లో దూరి చూసిన టీవీ సీరియల్లోది. ఒక కెప్టెను, అతని వెంట అరడజను మంది మగవాళ్లు, ఇంజను గదిలో ఒక్కతే ఆడమెకానిక్కు. చివరి భాగంలో కెప్టెన్ సొంత గ్రహానికి తిరిగొచ్చి, బాజాభజంత్రీల మధ్య మెట్లు దిగుతాడు. కెమెరా కూడా అతని వెంటే దిగిపోతుంది. వెనకాల మెకానిక్ తలుపు లాగి మూస్తుంది. అంతే, శుభం. భర్తకి అది చాలింది. ఆమెకి మాత్రం ఆ తలుపు వెనకాల ఏం జరిగిందో తెలుసుకోవాలన్న దురద తీరలేదు. అందుకే ఒక రచయిత్రి ఆ కథని పొడిగిస్తూ నవలలు రాయడం మొదలుపెట్టేసరికి ఆమెకి రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది.

కొసరు అన్న మాటకి ఆ ఇంట్లో పాత చరిత్రే ఉంది. నాలుగు కుర్చీల బల్ల కొన్నప్పుడు అత్తగారు దుకాణంవాడి ప్రాణం తోడేసి ఐదో కుర్చీ కొసరుగా వేయించుకొచ్చింది. మిగతావాటితో రంగు కలవదు. ఉన్న నాలుగూ భర్తకీ, అత్తగారికీ, పిల్లలిద్దరికీ సరిపోయాయి కాబట్టి కొసరు కుర్చీ కోడలికొచ్చింది. కోడలు దాంట్లో కూర్చున్నది తక్కువ కాబట్టి దాని మీదకి ఉతికిన బట్టలు చేరాయి. బట్టలు మడతపెట్టేది కూడా ఆమే కాబట్టి కుర్చీ ఖాళీ అవకపోతే ఆ తప్పూ ఆమెదే అయింది. అందరికీ కొసరి కొసరి వడ్డించే ఆ మనిషికి తన కుర్చీ ఏ రంగో కూడా గుర్తులేదు.

పనిచేసే కళ్లజోళ్ల కొట్లోనూ అంతే. వచ్చినవాళ్లు అద్దం ముందు దర్జాగా కూర్చుంటే, ఆమె వంగి చెవుల మీద ఫ్రేము సరిచేయాలి. ఒకప్పుడు ఆమెకో స్టూలుండేది. "నువ్వు కూర్చుంటే వ్యాపారం కూడా కూర్చుంటుందమ్మా," అని కొట్టు యజమాని దాన్ని గోదాములోకి పంపించేశాడు. తను మాత్రం గుండ్రంగా తిరిగే కుర్చీలో తిరుగుతూ ఉంటాడు. సాయంత్రానికి ఆమెకి కాళ్లు తనవో, ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకున్నవో తెలిసేది కాదు.

ఇన్నింటి మధ్యా ఆమెకి ఊపిరాడేది ఆదివారం మధ్యాహ్నం, లైబ్రరీ మేడ మీద గదిలో. పిచ్చుక అభిమానులంతా అక్కడ చేరతారు. ఆమెని అందరూ కళ్లజోడమ్మ అంటారు. అసలు పార్టీకి నాయకుడు పళ్లడాక్టరు: టీవీలో చూపించిందే కథ, తక్కినదంతా అతుకులబొంత అంటాడు. కొసరు పార్టీకి పెద్ద, రిటైరైన లెక్కల టీచరమ్మ: నవలలు కూడా కథే అంటుంది. ఇద్దరూ పిల్లీ ఎలుకల్లా పోట్లాడుకుని, చివర్లో ఒకే ఫ్లాస్కులో కాఫీ తాగుతారు.

ఆ ఆదివారం డాక్టరు మొదటి నవలని పుచ్చుపన్నులా రెండు వేళ్లతో పైకెత్తాడు. "వినండి. 'కెప్టెన్ దిగిపోయాక ఆమె వెళ్లి అతని కుర్చీలో కూర్చుంది.' మొదటి వాక్యమే తప్పు! సీరియల్ మొత్తంలో మెకానిక్ ఎక్కడైనా కూర్చుందా? కూర్చోదు. అది ఆ మనిషి స్వభావం. ఈ రచయిత్రి సీరియల్ చూడనేలేదు."

"ఎక్కడో ఒకచోట కూర్చునే ఉంటుందిలెండి," అంది టీచరమ్మ.

"చూపించండి. ఒక్క సీను చూపిస్తే నవలల్ని అసల్లో కలిపేసుకుంటాను. లేకపోతే అవి కొసరే. ఇంక చర్చ లేదు."

"నేను చూపిస్తాను," అంది కళ్లజోడమ్మ. ఇంట్లో ఏ విషయంలోనూ ఆమె అంత గట్టిగా మాట విసిరి ఎరగదు.

ఆ వారమంతా ఇస్త్రీ చేస్తూ సీరియల్ మొదట్నుంచీ చూసింది. మెకానిక్ నిలబడే ఉంది. విందు భాగంలో పళ్లేలు అందిస్తూ నిలబడింది. భుజానికి దెబ్బ తగిలితే గోడకి ఆనుకుని నిలబడే కట్టు కట్టించుకుంది. ఒకచోట తింటోంది కూడా, గొట్టానికి నడుము ఆనించి, ఎడమచేతిలో గిన్నె పట్టుకుని. అక్కడ ఆమె చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. తలతిప్పి వంటగట్టు వైపు చూసింది. ముందు నవ్వొచ్చింది. తర్వాత కోపం వచ్చింది, చిన్న కోపం కాదు. "మా ఆవిడకి కాలు ఒకచోట నిలవదండీ, కూర్చుని తినడం అలవాటే లేదు," అని భర్త వచ్చినవాళ్లందరికీ మురిసిపోతూ చెప్పే మాట గుర్తొచ్చింది. కాపురానికొచ్చిన కొత్తలో అందరితో పాటు కూర్చోబోతే "వడ్డించేవాళ్లు కూర్చుంటే తినేవాళ్లు లేవాలమ్మా," అని అత్తగారు నవ్వుతూనే అన్న మాటా గుర్తొచ్చింది. ఆ నవ్వుకి సిగ్గుపడి లేచిన మనిషి మళ్లీ కూర్చోలేదు. ఇన్నేళ్లు పోయేసరికి అదే ఆమె స్వభావమైపోయింది. ఎవరో నిలబెడితే నిలబడ్డదాన్ని పట్టుకుని, నిలబడటమే దీనికిష్టమని తేల్చేశారు!

సోఫాలో కునుకుతోందనుకున్న అత్తగారు ఉన్నట్టుండి అడిగింది. "ఆ పిల్లకి కాళ్లు లాగవూ?"

"మీకు లాగేవి కాదా అత్తయ్యా?"

"ఎందుకు లాగవు? మోకాళ్లు అరిగాకే కదా నాకు కుర్చీ దొరికింది," అని ఆవిడ కాసేపు టీవీ వంకే చూసింది. "తర్వాతది కూడా పెట్టు. చివరికైనా కూర్చుంటుందేమో చూద్దాం."

శనివారం భర్త షర్టు గుండీలు విప్పుకుంటూ చావుకబురు చల్లగా చెప్పాడు. "రేపు మధ్యాహ్నం మా ఆఫీసువాళ్లు భోజనానికొస్తున్నారు. నీకదెంతసేపు, చిటికెలో చేసేస్తావు."

"రేపు నాకు లైబ్రరీ ఉంది."

"కొసరు కథల కోసం అసలు పని మానేస్తావా?"

ఆమె నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది. "పిలిచినవాడివి నువ్వు, నువ్వే వండుకో. అది వెళ్లాల్సిందే. అక్కడ ఆ పిల్ల కుర్చీ సంగతి తేలాలి."

ఏ పిల్లో, ఏ కుర్చీయో అర్థంకాక భర్త ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఇదివరకైతే ఆమె పొద్దున్నే అన్నీ వండి, మూతలు పెట్టి, కాళ్లీడ్చుకుంటూ వెళ్లేది. ఈసారి నూనె ఎక్కడుందో, గరిటెలు ఎక్కడున్నాయో చెప్పి వెళ్లింది.

"దొరికిందా?" అన్నాడు డాక్టరు, ఆమె గదిలో అడుగుపెట్టగానే.

"లేదు. ఒక్క సీను కూడా లేదు."

డాక్టరు చప్పట్లు కొట్టాడు. టీచరమ్మ మొహం వాడిపోయింది.

"ఉండండి," అంది ఆమె. "అన్ని భాగాల్లో ఆమె నిలబడే ఉంది. తినేటప్పుడూ, దెబ్బ తగిలినప్పుడూ. అది స్వభావం కాదు డాక్టరుగారూ, ఆమెకి అక్కడ కుర్చీ లేదు. మనకి అది కనపడలేదు, రచయిత్రికి కనపడింది. అందుకే, కెప్టెన్ దిగగానే మొదటి వాక్యంలోనే కూర్చోబెట్టింది. సీరియల్ చూడనిది రచయిత్రి కాదండీ, మనం."

డాక్టరు నుదురు రుద్దుకున్నాడు. "మా ఆస్పత్రిలో నర్సమ్మకి స్టూలు ఉందో లేదో నాకు గుర్తురావడం లేదు," అన్నాడు మెల్లగా. టీచరమ్మ ముందు నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. నవలలు అసల్లో కలిసిపోయాయి. డాక్టరే లేచి, తన కుర్చీ జరిపి ఆమెకిచ్చాడు.

ఆమె ఇల్లు చేరేసరికి ఆఫీసువాళ్లు వెళ్లిపోయారు. బల్ల మీద ఎంగిలి కంచాలు, గదినిండా మాడువాసన. భర్త వంటగట్టుకి నడుము ఆనించి, ఎడమచేతిలో కంచం పట్టుకుని తింటున్నాడు.

"నాన్న ఇప్పుడే తింటున్నాడు. అందరికీ వడ్డిస్తూనే ఉన్నాడు," అంది కూతురు.

ఆమె కొసరు కుర్చీ మీది బట్టలన్నీ ఎత్తి భర్త కుర్చీలో పడేసింది. కుర్చీ ఆకుపచ్చ రంగుది. మంచి రంగే. అందులో కూర్చుని కాళ్లు చాపుకుంది.

"తేలిందా?" అంది అత్తగారు లోపల్నుంచి.

"తేలింది అత్తయ్యా."

"ఏమోయ్," అని పిలిచాడు భర్త నోట్లో ముద్దతోనే, "కొంచెం మంచినీళ్లు అందివ్వు."

"కూర్చున్నాను," అంది ఆమె.